నర్సవ్వ బకెట్లో వేపకొమ్మలు

పొద్దున్నే స్నానాల గదిలోంచి మా ఆయన కేక. "ఈ ఇంట్ల మనిషి స్నానం జెయ్యాల్నంటె ఒక్క బకీటు దొర్కదా?" దొరకదు. ఉగాది ఇరవై రోజుల్లోకి వచ్చిందంటే మా ఇంట్లో రెండు బకెట్లూ మనుషులవి కావు. రెండింట్లోనూ వేపకొమ్మలు నిలబడి ఉంటాయి, నెత్తిన తడిగుడ్డ కప్పుకుని. నేను ఆ బకెట్లున్న గది తలుపు తీయగానే ఆ వాసన మొహానికి కొట్టింది. పచ్చి ఆకు చేదు, దాని కింద ఎక్కడో సన్నటి తీపి, వీటన్నిటి మీదా నానిన బట్ట వాసన. అది ముక్కుకు తగిలితే అందరికీ పండుగ గుర్తొస్తుందేమో. నాకు నర్సవ్వ తిట్లు గుర్తొస్తాయి. "ఏందే పిల్లా, నీళ్లు మార్చినవా లేదా? చెవులల్ల దూది పోయిందా?" ఆ మనిషి పోయి ఎన్నేళ్ళయిందో! ఇప్పటికీ ఆ మాట వినపడితే నా ఒళ్ళు మండుతుంది, మండుతూనే వంగి నీళ్ళు మారుస్తాను.

నర్సవ్వను మీరెవరూ చూసి ఉండరు. చూసి ఉంటే మీ చేత కూడా ఏదో ఒక పని చేయించి ఉండేది. తొంభై ఆరు సంక్రాంతి వెళ్ళాక నేను సిరిసిల్ల దగ్గరి మా ఊరి నుంచి కొత్త పెళ్ళికూతురిగా భివండీలో దిగాను. నిజాంపురాలో ఒక సాంచాల కార్ఖానా, అంటే కరెంటు మగ్గాలది, దాని వెనుక గోడకు ఆనుకుని వరుసగా ఆరు ఒంటిగది ఖోలీలు, వాటి ముందు చాపలా పొడవాటి వాకిలి. కార్ఖానా రాజేశం సేఠ్‌ది. మా ఆయన అందులో సాంచాలు నడిపేవాడు. మొదటి ఖోలీలో రాజేశం సేఠ్ అక్క నర్సవ్వ ఉండేది. మొగుడు పోయాక తమ్ముణ్ణి తీసుకుని ఈ ఊరొచ్చి, కండెలకు నూలు చుట్టి వాణ్ణి పెంచి పెద్దచేసిన మనిషి. తమ్ముడు సేఠ్ అయి పెద్ద ఇల్లు కట్టుకుని రమ్మన్నా పోలేదు. ఎందుకు పోలేదని అడిగితే, "గీటిని ఎవలు జూస్తరే, నువ్వు జూస్తవా?" అని వాకిట్లోని మొక్కల వైపు చెయ్యి ఊపేది. మేమందరం ఆమె దగ్గరే కండెలు చుట్టేవాళ్ళం కాబట్టి ఆమె మాకు పని చెప్పే మనిషి కూడా. పని అంటే కండెలే అని నేను అమాయకంగా అనుకున్నాను.

వాకిలి నిండా డబ్బాలు. నూనె డబ్బాలు, రంగు డబ్బాలు, పగిలిన కుండలు, ఒక చోట చిల్లుపడిన వంట గిన్నె. వాటిల్లో మల్లె, తులసి, పుంటికూర, మిరప, గోడ మీదికి పాకిన కాకరతీగ. సాంచాలు నడిచే చోట గాలిలో దూది నూగు ఎగురుతూనే ఉంటుంది. అది ఆకుల మీద పడి, తేమకు అంటుకుని, రెండు రోజుల్లో మల్లెచెట్టు ముసలిదాని తలలా అయ్యేది. నేను వచ్చిన మూడోరోజు నర్సవ్వ నా చేతిలో తడిగుడ్డ పెట్టింది. "ఆకుల ముక్కు తుడువు" అంది. నవ్వులాటకు అంటోందేమో అనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. ఒక్కో ఆకు, పైన ఒకసారి, కింద ఒకసారి. నేను పైపైన తుడిచి వచ్చేస్తే వెనకే వచ్చి ఆకు తిప్పి చూసేది. "పైన దుడిస్తె ఏమొస్తదే? అది ఊపిరి తీసుకునేది కిందికెల్లి. నీ ముక్కుల దూది పెట్టి పైన పౌడర్ రాస్త, ఊకుంటవా?" ఊరి నుంచి వచ్చేటప్పుడు మా అమ్మ, అక్కడ పని తక్కువ, హాయిగా ఉంటావని చెప్పి పంపింది. అమ్మ మీద ఎంత కోపమొచ్చిందో ఆకులు తుడుస్తూ!

ఇక ఆ వేపచెట్టు. వాకిలి కొసన, కార్ఖానా గోడకూ ప్రహరీకీ మధ్య ఇరుక్కుని ఉండేది. నర్సవ్వే నాటింది, ఊళ్ళో తన ఇంటి ముందరి చెట్టు గింజ తెచ్చి. చెట్టు పెద్దదే, కానీ గోడల నీడ వల్లో, నూగు వల్లో, బద్ధకం వల్లో, ఉగాది వెళ్ళాక తీరిగ్గా పది పదిహేను రోజులకు పూసేది. అందరం పచ్చట్లోకి ఎండిన పువ్వు ఊరి నుంచి తెప్పించుకోవలసిందే. నేనొచ్చిన ఏడే రాజేశం సేఠ్ కార్ఖానా పెంచాలనుకున్నాడు. ఇంకో నాలుగు సాంచాలు పట్టాలంటే వాకిలి కావాలి, వాకిలి కావాలంటే చెట్టు పోవాలి. ఒకరోజు కండెలు చుట్టే చోటికి వచ్చి అందరి ముందే అన్నాడు.

"అక్కా, గా చెట్టు దేనికి పనికొస్తది చెప్పు. వేపచెట్టయి ఉండి ఉగాదికి పువ్వు సుత ఇయ్యది."

"ఇస్తే?" అంది నర్సవ్వ, చేతిలో కండె ఆపకుండానే.

సేఠ్ నవ్వాడు. "ఉగాది నాడు గా చెట్టు పువ్వు నా పచ్చడిల వడితె ఆ యేడు దాని మీద చెయ్యి వెయ్య. పడకుంటె మాత్రం తెల్లారి గొడ్డలే."

"నలుగురు విన్నరు" అంది నర్సవ్వ. అంతే అంది. సేఠ్ నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. పూయదని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. ఆ ఏడు ఉగాది మార్చిలోనే పడింది, చెట్టు చూస్తే అప్పుడే చిగురు తొడుగుతోంది, ఆవగింజల్లాంటి మొగ్గలు ఆకుల సందుల్లో దాక్కుని ఉన్నాయి. కానీ నర్సవ్వకు తెలియదు, తెలిసినా ఒప్పుకోదు. మర్నాడు నిచ్చెన వేయించి మొగ్గలున్న కొమ్మలు పన్నెండు కోయించింది. కొసలు ఏటవాలుగా కోసి, రాతితో కొంచెం చిదిమి, గోరువెచ్చని నీళ్ళ బకెట్లో నిలబెట్టి, ఆ బకెట్‌ను తన ఖోలీలో కార్ఖానా వైపు గోడకు ఆనించి పెట్టింది. ఆ గోడకు అవతల సాంచాలు నడుస్తుంటాయి కాబట్టి గోడ ఎప్పుడూ వెచ్చగా ఉండేది. పైన పాత ధోవతి తడిపి కప్పింది. "లోపట ఉడుకపోస్తె అది ఎండాకాలం వచ్చిందనుకుంటది. పూస్తది" అంది. చెట్టును మోసం చేయొచ్చని నాకప్పటిదాకా తెలియదు. ఆ మోసంలో నేనూ పనిమనిషిని అవుతానని అసలే తెలియదు.

పొద్దున నీళ్ళు మార్చు, సాయంత్రం నీళ్ళు మార్చు, చెయ్యి పెట్టి చూడు, పసిపిల్లకు పోసే నీళ్ళంత వేడి ఉండాలి, ఎక్కువైతే చస్తది, తక్కువైతే పండుకుంటది. రెండు రోజులకోసారి కొస కొయ్యి. ధోవతి ఆరనియ్యకు. ఫ్యాను వెయ్యకు. ఇవన్నీ నాకే ఎందుకు చెప్తుందని అడిగాను ఒకసారి ఉండబట్టలేక. మిగతా ఖోలీల వాళ్ళు లేరా? "వాళ్ళకు పిల్లలున్నరు. నీకేం పని?" అంది. పెళ్ళయి మూడు నెలలు కాలేదు నాకు! ఆ రాత్రి మా ఆయనతో, ఈ ముసలమ్మతో నా వల్ల కాదు, ఊరికి పంపించమన్నాను. ఆయన నిద్రమత్తులో, "అవ్వ మంచిదే" అన్నాడు. ఆయనకేం, ఆకులు తుడవలేదుగా.

ఉగాది ఇంకా వారం ఉందనగా నర్సవ్వకు షోలాపూర్ వెళ్ళాల్సి వచ్చింది, బంధువుల పెళ్ళికి. మూడు రోజులు. వెళ్ళేముందు నాకు చెప్పిన జాగ్రత్తలు పెళ్ళికూతురికి కూడా ఎవరూ చెప్పి ఉండరు. ఆమె రిక్షా ఎక్కి వీధి మలుపు తిరిగాక నేను మంచం మీద కూలబడి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత నాకొక ఆలోచన వచ్చింది. నా జన్మలో అంత తెలివితక్కువ ఆలోచన మళ్ళీ రాలేదు. అప్పుడు మాత్రం నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా నాన్న చేతిమగ్గం నేసేవాడు. పడుగుకు గంజి పెట్టకపోతే దారం మగ్గం మీద నిలవదని, పుటుక్కున తెగుతుందని నాకు నడక వచ్చిన నాటి నుంచీ తెలుసు. గంజి అంటే మా ఇంట్లో బలం. జ్వరమొస్తే మనిషికి గంజి, మగ్గానికి గంజి. మరి వాడిపోతున్న కొమ్మకు వట్టి నీళ్ళేం బలమిస్తాయి? పొద్దున అన్నం వంచిన గంజి తీసుకుని, ఆమె చెప్పినట్టే గోరువెచ్చగా, పసిపిల్లకు పోసేంత వేడిగా చూసుకుని మరీ బకెట్లో పోశాను. పైగా బలమైన ఆహారం కదా, పూటపూటకూ మార్చడం దేనికని అలాగే ఉంచేశాను. పని తగ్గింది, కొమ్మలకు బలం పెరిగింది, ఇంతకన్నా ఏం కావాలి!

మూడోరోజు సాయంత్రం నర్సవ్వ వచ్చింది. ఖోలీ తలుపు తీసి, గడప మీదే ఆగిపోయింది. పులిసిన గంజి వాసన వాకిలి దాకా వచ్చింది. ధోవతి ఎత్తితే మొగ్గలు నల్లబడి, ముట్టుకోకుండానే రాలి నేల మీద పడ్డాయి. నేను వెనక నిలబడి ఉన్నాను. తిడుతుందని చెవులు గట్టి చేసుకున్నాను. ఆమె వంగి బకెట్లో వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య రాసి చూసింది. కండెలు చుట్టిన వేళ్ళు కదా, జిగురు వెంటనే తెలిసిపోయింది.

"గంజి వోసినవా?"

"బలముంటదని..." అన్నాను.

"గంజి పెడితె దారం గట్టివడ్తది. ఎందుకు గట్టివడ్తది? సందులన్ని పూడుకుంటయి గనుక. కొమ్మ నీళ్లు తాగేది గా సందుల కెల్లే గదనే పిచ్చిదానా! గొంతుల గంజి వోసి కుట్టేసినవ్ దాన్ని." అని నేల మీద కూర్చుంది. ఆ మనిషి కూర్చోవడం నేను అంతవరకు చూడలేదు, ఎప్పుడూ నిలబడి పని చెప్పడమే. "మళ్ళ గోసి పెట్టెటందుకు టైం సుత లేదు. వానితోని నలుగురి ముందట పందెం గట్టిన. పోయింది. చెట్టు పోయింది పో" అంది. ఏడవలేదు. నన్ను తిట్టలేదు కూడా. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో!

అప్పుడు నేను చెప్పక తప్పలేదు. ఆమె పన్నెండు కొమ్మలు కోయించిన రోజు పదమూడోది నేను కోసుకున్నాను, చెప్పకుండా. అమ్మవాళ్ళను విడిచి నాకది మొదటి ఉగాది. ఏమో, ఊళ్ళోని మా వాకిలి వేపపువ్వు గుర్తొచ్చి ఉండబట్టలేకపోయాను. నా ఖోలీలో, అదే వెచ్చటి గోడకు, బియ్యం డబ్బా వెనక, ఇత్తడి చెంబులో దాచాను. దానికి పూటపూటకూ నీళ్ళు మార్చాను, కొస కోశాను, నా పెళ్ళిచీర కొంగు తడిపి కప్పాను. గంజి మాత్రం పోయలేదు. ఎందుకో తెలుసా, ఏమైనా అవుతుందేమోనని భయం. పరాయి కొమ్మల మీదైతేనే కదా తెలివి చూపించబుద్ధయ్యేది! సిగ్గుతో చస్తూ చెంబు తెచ్చి ఆమె ముందు పెట్టాను. మొగ్గలు లావెక్కి, తెల్లబడి ఉన్నాయి.

నర్సవ్వ కొమ్మను చూసింది, కొంగును చూసింది, నన్ను చూసింది. "దొంగముండా" అంది. చెంబు దగ్గరికి లాక్కుంది. "కొస సక్కగ గొయ్యలె. ఇటు తే కత్తి" అంది.

ఉగాది పొద్దున తొమ్మిదికి రాజేశం సేఠ్ వచ్చాడు, తెల్లటి బట్టల్లో, మొహం నిండా నవ్వుతో. వాకిట్లో చెట్టును కింది నుంచి పైదాకా చూశాడు. ఒక్క పువ్వు లేదు. ఖోలీల వాళ్ళందరూ తలుపుల్లో నిలబడ్డారు. నర్సవ్వ కొమ్మ ఉన్న చెంబు గడప మీద పెట్టి, ఆయన చేతికి గిన్నె ఇచ్చింది. పచ్చడి మీద తెల్లగా ఆరేడు పువ్వులు తేలుతున్నాయి. ఆయన వాసన చూశాడు. అది ఎండిన పువ్వు కాదని తెలియడానికి నాలుక అక్కర్లేదు.

"ఇది చెట్టు మీద పూయలే గద అక్కా, చెంబుల పూసింది."

"కొమ్మ దేనిది? చెంబుదా?" అంది నర్సవ్వ.

ఎవరో కిసుక్కున నవ్వారు. సేఠ్ గిన్నె ఎత్తి తాగేశాడు. "సరే తియ్. ఈ యేటికి ఉండనీ" అన్నాడు. నేనైతే గోడకు ఆనుకుని నిలబడ్డాను. అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాను. ఈ యేటికి అన్న మాట నేను సరిగ్గా వినలేదు.

పదకొండేళ్ళు! పదకొండేళ్ళు ఇదే భాగోతం. శివరాత్రి వెళ్ళిందంటే నా గుండెల్లో రాయి పడేది. నిచ్చెన, కత్తి, బకెట్, ధోవతి. ఉగాది నాడే వచ్చే తమ పాడ్వా పండుగకు కర్ర మీద కట్టుకుందామని పక్క మరాఠీ వాళ్ళు వేపరెమ్మలు అడగడానికి వస్తే, మొగ్గ ఉన్న రెమ్మ ఎక్కడ కోస్తారోనని నర్సవ్వ చెట్టు కింద మంచం వేసుకుని కాపలా పడుకునేది. అధికమాసం వచ్చి ఉగాది ఆలస్యమైన ఏడు చెట్టు తనంతట తానే విరగబూసేది. ఆ ఏడు కూడా బకెట్ పెట్టాల్సిందే. "అవ్వా, పైన చూడు, చెట్టు నిండా పువ్వే" అని నేను మొత్తుకుంటే, "దాన్ని నమ్ముతవా?" అనేది. నాకు బాబు పుట్టి నలభై రోజులు కాని ఏడు కూడా, వాణ్ణి ఒళ్ళో వేసుకునే కొసలు కోశాను. "పిల్లగానికి పోసినంక మిగిలిన నీళ్లు సరిగ్గ అంతే వేడి ఉంటయి, ఇటు పొయ్యి" అంది మహాతల్లి. బాగా చేశావని ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి అన్నది లేదు. నా చేతి కొమ్మ విరగబూసినా, "నీళ్లు మంచియి" అనేది.

రెండు వేల ఆరు దీపావళి వెళ్ళాక రాజేశం సేఠ్ పోయాడు, హఠాత్తుగా, గుండెపోటుతో. కార్ఖానా కొడుకు శ్రీధర్ చేతికి వచ్చింది. చెడ్డవాడని నేననను. కొత్త సాంచాలు వస్తున్నాయి, చోటు కావాలి, వాడి తొందర వాడిది. మరుసటి ఏడు ఉగాది మళ్ళీ మార్చిలోనే పడింది. మేం కొమ్మలు కోసి బకెట్లో పెట్టిన వారానికి గొడ్డళ్ళతో మనుషులు వచ్చారు. నర్సవ్వ అప్పటికి కర్ర పట్టుకుని నడుస్తోంది. వాకిట్లో నిలబడి, "మీ నాయిన మాటిచ్చిండురా, ఉగాది దాక ఆగు" అంది.

"ఆ మాట నాయినది, అత్తమ్మా. నాయినే లేడు" అన్నాడు శ్రీధర్. నేల చూస్తూ అన్నాడు.

నేను ఊరుకోలేదు. నోటికొచ్చినట్టు అరిచాను, మా ఆయన చెయ్యి పట్టుకుని లాగాడు, ఆ శ్రీధర్ దగ్గరే కదా ఆయన పని. చెట్టు కూలేసరికి మధ్యాహ్నమైంది. పదకొండేళ్ళలో మొదటిసారి వాకిలి నిండా ఎండ పడింది, డబ్బాల మీద, నూగు మీద, ఆమె తెల్ల జుట్టు మీద. నేను ఖోలీలోకి వెళ్ళి బకెట్ ఎత్తి, కొమ్మలు బయట పారేద్దామని తెచ్చాను. ఇక ఎవరికోసం?

"ఎక్కడికే?" అంది నర్సవ్వ గడప మీద నుంచి.

"చెట్టే లేదు అవ్వా. ఇంక ఇవి దేనికి?"

"పొద్దుగూకింది. నీళ్లు మార్చినవా?"

కోపంతో నా కళ్ళలో నీళ్ళొచ్చాయి. చెట్టు మొదలు ఇంకా తడిగా ఉంది అక్కడ, ఈమె నీళ్ళు మార్చమంటుంది! మార్చాను. పదమూడు రోజులు మార్చాను. ఉగాది నాటి పొద్దున ధోవతి ఎత్తితే, ఆ పదకొండేళ్ళలో ఎన్నడూ పూయనంతగా పూసి ఉన్నాయి కొమ్మలు. ఖోలీ అంతా ఆ చేదు తీపి వాసన. నేను చూస్తుండగానే నర్సవ్వ పచ్చడి కలిపింది, గిన్నెలో పోసింది, మీద గుప్పెడు పువ్వు వేసింది.

"శ్రీధర్‌కు ఇచ్చి రా పో."

"వానికా? చస్తే ఇయ్య" అన్నాను.

"వానిది సుత ఉగాదే గదనే. వాళ్ళ నాయిన పోయినంక మొదటి ఉగాది. పో. చెట్టు పూసిందని చెప్పు."

ఒళ్ళంతా మండుతూ వెళ్ళాను. శ్రీధర్ కొత్త గోడ దగ్గర ఉన్నాడు. గిన్నె చేతికిచ్చి, "చెట్టు పూసింది" అన్నాను. ఇంకేం అనలేదు, నేర్పిన మాట అంతే కదా. అతను గిన్నెలోకి చూశాడు, తర్వాత చెట్టు ఉన్న చోటికి చూశాడు. తండ్రిలాగే గిన్నె ఎత్తి తాగాడు, కానీ నవ్వలేదు. మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను తిరిగి వచ్చేసరికి నర్సవ్వ ఏమడుగుతుందో, వాడేమన్నాడో ఎలా చెప్పాలో దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆమె అడిగింది ఒక్కటే. "గిన్నె తెచ్చినవా?"

తేలేదు. మళ్ళీ పంపించింది.

ఆ వానాకాలంలో ఆమె పోయింది. మేం కాల్హేర్ వైపు చిన్న ఫ్లాట్‌లోకి వచ్చేశాం. కిటికీలో నాలుగు డబ్బాలు ఉన్నాయి, వాటి ఆకుల ముక్కు తుడుస్తాను, పైన ఒకసారి, కింద ఒకసారి. ఇక్కడ ఎగిరేది నూగు కాదు, లారీల దుమ్ము. గోదాముల వెనక ఒక వేపచెట్టు ఉంది, అక్కడి వాచ్‌మన్‌ను బతిమాలి ఏటా కొమ్మలు కోసుకొస్తాను. ఉగాది నాడు ఆటోలో నిజాంపురా వెళ్ళి శ్రీధర్ ఇంట్లో గిన్నె ఇచ్చి వస్తాను. అతను తలుపు తీస్తాడు, నేను చెట్టు పూసిందంటాను, అతను గిన్నె అందుకుంటాడు. ఖాళీ గిన్నె అతని భార్య కడిగి, పూర్ణం బచ్చాలు పెట్టి ఇస్తుంది. మా ఆయన ప్రతి ఏడూ ఇదే అడుగుతాడు, ఇంకెన్నేళ్ళే నీకు ఈ పిచ్చి అని. నేనేం చెప్పను? చెట్టు పూసిందని చెప్పమంది ముసలమ్మ. ఎప్పటిదాకా చెప్పాలో మాత్రం చెప్పి పోలేదు.